మన సీమ పట్టు పరిశ్రమ – పనివారి ఆరోగ్యము

ఉగాది సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, నంది గ్రామపు భోగనందీశ్వరాలయం మీదనో, బాగేపల్లి దాపున ఉన్న గుమ్మనాయకుని పాళ్యం కోట మీదనో వ్రాస్తాననుకుని ఉంటారు. వాటిని గురించి పండితులు వ్రాసినారు, ఇంకా వ్రాస్తారు. నేను మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా కుదురుకున్నవాణ్ణి. పార్సిలు ఆఫీసులో మూటలు లెక్కపెట్టేవాడికి రాజుల చరిత్రకంటె మూటల చరిత్ర కొంచెం ఎక్కువ తెలుస్తుంది. కనుక పట్టును గురించి, పట్టు తీసే చేతులను గురించి నాకు తెలిసినది మనవి చేస్తాను.

దీనికి కారణం మా మేనత్త. శిడ్లఘట్టలో ఒక సందులో ఆమె నలభై యేండ్లు పట్టుదారం తీసింది. తొమ్మిదో యేట చరకా తిప్పడానికి పోయి, తరువాత తొట్టి దగ్గర కూర్చున్నది. ఆ మధ్య ఆమె వెంట రేషను అంగడికి పోయినాను. వేలిముద్ర యంత్రం మీద ఆమె బొటనవేలు పెట్టింది. పడలేదు. తుడిచి మళ్ళీ పెట్టింది. పది వేళ్ళూ వరుసగా పెట్టించినాడు అంగడివాడు. ఒక్కటీ పడలేదు.

"అవ్వా, నీ చేతికి గీతలే లేవే!" అన్నాడతడు.

"గీతలన్నీ పట్టుకే పోయినాయి నాయనా" అన్నది మా అత్త నవ్వుతూ.

చివరకు ఆమె కొడుకు ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పి బియ్యం తెచ్చుకున్నాము. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. రాత్రి నిద్ర పట్టలేదు. మనిషి చేతి గీతలు చెరిగిపోయేటంత పని ఎక్కడ మొదలైనది, దానిని అడ్డుకునే చట్టము ఒకటి ఉండవలెను గదా, అది ఎందుకు మా అత్త ఇంటిదాకా రాలేదు అని వెదకడం మొదలుపెట్టినాను.

మైసూరు దేశంలో పట్టుపురుగుల పెంపకానికి టిప్పు సుల్తాను 18వ శతాబ్దము చివర ప్రోత్సాహమిచ్చినాడని మనకందరికి తెలిసినదే. తరువాత నూరేండ్లకు జంషెడ్జీ టాటా బెంగుళూరులో జపానువారి పద్ధతి మీద ఒక పట్టు క్షేత్రం పెట్టించినాడు. జపాను నుండి నిపుణులను పిలిపించినాడు. 1910లో అది సాల్వేషన్ ఆర్మీ చేతికి వచ్చినది. బసవనగుడి ప్రక్కన ఆ చోటును ఇప్పటికీ టాటా సిల్కు ఫారం అనే పిలుస్తారు. ఆ పిమ్మట మన చిక్కబళ్ళాపురం బిడ్డ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1912 నుండి 1918 వరకు దివానుగా ఉన్నారు. ఆయన పుట్టినది ముద్దేనహళ్ళి, చిన్ననాటి చదువు చిక్కబళ్ళాపురంలో. పెద్దలు కంభం ప్రాంతపు మోక్షగుండం నుండి తరలి వచ్చినవారు. అంటే వారిదీ మనబోటి వలస కుటుంబమే. ఆయన 1898లోనే జపాను పోయి వచ్చినారు. ఆయన దివానుగిరీ నాటికి మైసూరు సర్కారు పట్టుకు ప్రత్యేక శాఖ పెట్టి, ఇటలీ నిపుణుని రప్పించి, చన్నపట్నంలో క్షేత్రము నడిపించినది.

అదే కాలంలో రైలు వచ్చినది. బంగారుపేట నుండి కోలారుకు 1913లోను, బెంగుళూరు నుండి చిక్కబళ్ళాపురానికి 1915లోను చిన్న పట్టాల బండ్లు నడిచినవి. తరువాత చింతామణి, శిడ్లఘట్టల మీదుగా రెండూ కలిసినవి. కోలారు, చిక్కబళ్ళాపురముల నడుమ పెద్ద పట్టాలు పడేసరికి 2013 అయినది. బాగేపల్లికి మటుకు నేటికీ రైలు లేదు. బాగేపల్లి సోదరులు నన్ను చూచినప్పుడెల్లా ఆ తప్పు నాదే అయినట్లు అడుగుతారు!

రైలుతో పట్టు వ్యాపారం పెరిగినది. రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్లకు పట్టు కావలసి వచ్చి తొట్లు ఇంకా పెరిగినవి. స్వరాజ్యం వచ్చిన తరువాత 1949లో కేంద్ర పట్టు బోర్డు ఏర్పడినది. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు దేశంలో పేరెన్నికగన్నది. గూళ్ళు, మల్బరీ, నూలు, ధరలు – వీటి చరిత్రంతా ప్రభుత్వ పుస్తకాలలో ఉన్నది. దారం తీసిన మనిషిని గురించి వెదికితే ఒక పేజీ దొరకడం కష్టము.

పని ఎట్లా జరుగుతుందో తెలియనివారికి రెండు మాటలు. పట్టుగూడు అంటే పురుగు తన నోటి దారంతో అల్లుకున్న ఇల్లు. ఒక్కొక్క గూటిలో వందల మీటర్ల పోగు ఒకటే తెగకుండా ఉంటుంది, మేలు జాతి గూటిలో వేయి మీటర్ల దాకా. ఆ పోగుకు సెరిసిన్ అనే జిగురు అంటి ఉంటుంది. సలసల కాగే నీటిలో గూళ్ళు వేస్తే జిగురు మెత్తబడి కొస దొరుకుతుంది. అనేక గూళ్ళ పోగులు కలిపి ఒక దారంగా రాట్నానికి ఎక్కిస్తారు. పాతకాలపు చరకాలో ఉడకబెట్టే కడవా అదే, దారం తీసే తొట్టీ అదే. ఒకరు తొట్టి దగ్గర, ఒకరు చక్రం దగ్గర. తొట్టి దగ్గరివారు క్షణక్షణం వేళ్ళు వేడి నీటిలో ముంచి, తెగిన పోగు పట్టి, కొత్త గూటిని తగిలించాలె. పొద్దున మొదలుపెడితే మాపటికి చర్మం తెల్లగా నాని పొరలు పొరలుగా లేస్తుంది. వేళ్ళ సందులు పుండ్లు పడతాయి. ఆ నీటిలో జిగురు, చచ్చిన పురుగు రసం కలిసి ఉంటవి. క్రింద పొట్టు మంట, పొగగొట్టం లేని గది, పైన ఆవిరి. మా అత్త రాత్రి పసుపు, కొబ్బరినూనె కలిపి రాసుకునేది. మూడో రోజుకు మానితే నాలుగో రోజు మళ్ళీ తొట్టే.

చేతులది కంటికి కనిపించే బాధ. ఊపిరిది కనిపించదు. గూళ్ళ ధూళి, జిగురు కొందరికి పడక ఉబ్బసం తెస్తవి. 1985లో బెంగుళూరు పరిశోధకులు పట్టు ఫిలేచర్లలోని పనివారిని పరీక్షించి, ఉబ్బసము వారిలో ఎంత వ్యాపించినదో ప్రకటించినారు. మా సందులో దానిని "పట్టు దగ్గు" అనేవారు. డాక్టరు వద్దకు పోతే పొగ త్రాగవద్దని చెప్పి పంపేవాడు, జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్ళకు!

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. ఇటలీలో బెర్నార్డినో రమాజీని అనే వైద్యుడు 1700లో పనివారి వ్యాధులను గురించి ఒక పెద్ద గ్రంథము వ్రాసినాడు. అందులో పట్టు ఏకేవారి దగ్గును గురించి కూడా ఉన్నది. రోగి వచ్చినప్పుడు వైద్యుడు అడగవలసిన ప్రశ్నలకు ఆయన ఇంకొకటి చేర్చినాడు: "నీవు ఏమి పని చేస్తావు?" అని. మూడు వందల యేండ్లు దాటినవి. మా అత్తను ఆ ప్రశ్న ఏ వైద్యుడూ అడగలేదు. ఫ్రాన్సులో దారం తీసేవారి చేతి పుండ్లకు ప్రత్యేకంగా పేరే ఉండేది, తొట్టి జబ్బు అని అర్థము వచ్చేటట్లు.

ఇక జపాను సంగతి మనకు చాలా నేర్పుతుంది. 1872లో అక్కడి ప్రభుత్వం తొమియోకా అనే ఊళ్ళో ఫ్రెంచి వారి సహాయంతో పెద్ద ఫిలేచరు కట్టినది. ఎత్తయిన కప్పు, వెలుతురుకు గాజు కిటికీలు, ఆవిరితో కాగే తొట్లు, ఆదివారం సెలవు, వైద్యుడు – ఇన్ని వసతులు మొదటనే పెట్టినారు. అదే దేశంలో ప్రయివేటు ఫిలేచర్లు పెరిగిన తరువాత పల్లెల నుండి తెచ్చిన ఆడపిల్లలను పదమూడు, పదునాలుగు గంటలు కూర్చోబెట్టినారు. క్షయవ్యాధి పట్టి ఇళ్ళకు పోయి చచ్చినవారు అనేకులు. 1886లో కోఫు పట్టణంలో ఒక ఫిలేచరు ఆడవాళ్ళు పని మాని బయటికి వచ్చినారు. జపానులో కార్మికుల మొట్టమొదటి సమ్మె అదేనని చెప్పుదురు. చట్టము 1911లో చేసినారు, అమలు 1916లో. ఆడవాళ్ళ రాత్రిపని ఆగేసరికి 1929. విశ్వేశ్వరయ్యగారి కాలంలో మనము జపాను నుండి పురుగును తెచ్చుకున్నాము, పద్ధతిని తెచ్చుకున్నాము. కోఫు సంగతి మటుకు ఓడ ఎక్కినట్లు లేదు.

మన దేశంలో ఫ్యాక్టరీ చట్టము మొదట వచ్చినది 1881లో. నూరుమంది పనివారు, యంత్రశక్తి ఉన్న చోటికే అది వర్తించేది. 1891లో ఆ సంఖ్య 50కి, 1922లో 20కి దిగినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948 చట్టము ఇంకా దిగి వచ్చినది: యంత్రశక్తి ఉంటే 10 మంది, లేకపోతే 20 మంది. గాలి, వెలుతురు, త్రాగునీరు, కాలిన గాయాలకు మందుల పెట్టె, పనిగంటలు – అన్నీ అందులో చక్కగా వ్రాసి ఉన్నవి.

ఇప్పుడు ఈ అంకెలతో మా అత్త సందులోకి వెళ్ళి చూడండి. నాలుగు చరకాలు ఉన్న ఇంట్లో ఎనిమిది మంది. మోటారు లేదు. ఇరవై ఎక్కడ, ఎనిమిది ఎక్కడ? మోటారు పెట్టిన ఆరు బేసిన్ల చోట పదిమందికి కొంచెము ఇటూ అటూ. పదోవాడిని లెక్కలో చూపకపోతే చట్టము గడప దగ్గరే ఆగిపోతుంది. అరవై ఏడేండ్ల కాలంలో 1881 నాటి నూరు పదికి దిగినా, మా ఇంటి తొట్టిదాకా దిగలేదన్నమాట. ఇంకను తక్కువమంది ఉన్న చోటికి చట్టమును వర్తింపజేసే అధికారము రాష్ట్రానికి ఉండెను. ఉండెను అని మాత్రమే చెప్పగలను.

2020లో పార్లమెంటు పాత చట్టాలు పదమూడింటిని కలిపి వృత్తి భద్రత, ఆరోగ్యముల స్మృతి ఒకటి చేసినది. 2025 నవంబరు 21 నుండి అది అమలులోకి వచ్చినది. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి అందులో 20 మంది, యంత్రశక్తి లేకపోతే 40 మంది. అంకె దిగవలసింది పోయి పైకి ఎక్కినది. పదిమంది ఉన్న ఏ పనిచోటుకైనా కొన్ని సాధారణ బాధ్యతలు వర్తిస్తవనీ, నిర్ణయించిన పనివారికి ఏటా ఉచితముగా వైద్య పరీక్ష ఉండవలెననీ కూడా అందులో ఉన్నది. అది మంచి మాట, ఆహ్వానించవలసినదే. కాని పదికి లోపు ఉన్న ఇల్లు మళ్ళీ గడప బయటే. ప్రమాదకరమైన పని అని ప్రభుత్వము వేరుగా ప్రకటిస్తే తప్ప దానికి దారి లేదు. కాగే తొట్టి ప్రమాదకరము అవునో కాదో ఎవరైనా ఒకసారి చేయి పెట్టి చూడవచ్చును.

ఇక్కడ కోలారు బంగారు గనుల మాట చెప్పక తప్పదు. చిత్తూరు జిల్లా నుండి మన తెలుగువారు, అరవ సోదరులు వేలకొలది అక్కడ దిగి పనిచేసినారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినది. 1902లో శివసముద్రం నుండి కరెంటు వచ్చినది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయినది. రాతి ఒత్తిడికి గోడలు పేలి చచ్చినవారు, రాతి ధూళి ఊపిరికి పట్టి సిలికోసిస్ వచ్చినవారు లెక్కకు మిక్కిలి. దేశంలో సిలికోసిస్‌ను గురించిన తొలి వైద్య నివేదిక 1947లో ఆ గనుల నుండియే వచ్చినదని వైద్య గ్రంథాలు చెప్పుచున్నవి. పొడి బరమాకు బదులు నీళ్ళు చిమ్మే బరమా, గాలి పంకాలు, ఎక్స్‌రే పరీక్షలు అక్కడికి వచ్చినవి గదా! 1988లో అక్కడే జాతీయ శిలాయాంత్రిక పరిశోధనా సంస్థ పెట్టినారు. గనులు 2001లో మూతపడినవి. నా ఊహ ఏమంటే, ఒక్క చోట వేలమంది దగ్గితే ఆ దగ్గు వినపడుతుంది. ఇంటికి ముగ్గురు చొప్పున వెయ్యి ఇళ్ళలో దగ్గితే వినపడదు. కంపెనీ దయగలది, మన రీలరు దయలేనివాడు అని కాదు.

రాతి పనిలోనూ ఇదే. గనుల చట్టము 1952లో వచ్చినది. ఆరు మీటర్ల లోతు మించని, యాభై మందికి మించని, మందు పేల్చని రాతి క్వారీకి అందులో మినహాయింపు ఉండేది. మందు పేల్చిన మరుక్షణము అది గనియే. కాగితము మీద అంత స్పష్టముగా ఉన్నా, 2021 ఫిబ్రవరి 23 తెల్లవారకముందు మన పేరేసంద్ర దాపున హిరేనాగవల్లిలో జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు పోయినారు. అధికారుల భయంతో దాచిన కడ్డీలను చీకట్లో వేరొక చోట పారవేయబోతుండగా జరిగినదని అప్పుడు చెప్పినారు. దానికి నెల క్రితమే శివమొగ్గ దగ్గర హుణసోడులో అటువంటిదే జరిగి దేశమంతా చెప్పుకున్నది. నెల రోజులలో ఆ వార్త మన దాకా చేరినది గాని ఆ జాగ్రత్త చేరలేదు.

పురుగులు పెంచే రైతు సంగతి కొంచెము విచిత్రము. మల్బరీ తోటకు ఏ మందు పడితే ఆ మందు కొట్టరు, ఎందుకంటె ఆకు తిన్న పురుగు చస్తుంది. అదే రైతు ప్రక్క మడిలో టమాటాకు మూతికి గుడ్డ కట్టుకోకుండానే మందు కొడతాడు. పంట పంటకూ పురుగుల ఇంటిని ఫార్మలిన్‌తో కడిగేటప్పుడు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటవి. ముసుగు కొనమంటే నవ్వుతాడు. పురుగుకు ఉన్న విలువ మనిషికి లేదని అనను. పురుగు చస్తే ఆ వారమే నష్టము కనిపిస్తుంది, మనిషిది ఇరవై యేండ్లకు గాని కనిపించదు.

వంటిల్లు కూడ పనిచోటే గదా అని మా ఇంటామె అడిగింది, ఈ వ్యాసము చదివి వినిపిస్తుంటే. నిజమే. బాగేపల్లి కూలి సంఘమువారు 2005లో అంతర్జాతీయ పర్యావరణ ఒప్పందము క్రింద నమోదు చేయించి, 5,500 ఇళ్ళకు గోబర్ గ్యాసు పొయ్యిలు పెట్టే కార్యక్రమము తలపెట్టినారు. కట్టెల పొగ తగ్గితే ఆ లెక్కకు విదేశాల నుండి డబ్బు వస్తుంది. అయితే ముందుగా తేలికపడినవి మన ఆడవారి కళ్ళు, ఊపిరి. ఎవరూ దానిని ఆరోగ్య రక్షణ చట్టము అనలేదు.

ఇక యజమానుల పక్షము కూడ చెప్పాలె. వారిలో మన సభ్యులు ఉన్నారు, వారు ఈ సంచికకు ప్రకటనలు కూడ ఇచ్చినారు! రీలరు పెద్ద ధనవంతుడు కాడు. పొద్దున వేలంలో గూళ్ళు నగదుకు కొనాలె, నూలు అమ్మే ధర అతని చేతిలో లేదు. చైనా పట్టు దిగినప్పుడల్లా అతని గుండె దిగుతుంది. అతని భార్యాబిడ్డలు కూడ ఆ తొట్టి దగ్గరే ఉంటారు, ఆ పొగే త్రాగుతారు. అతణ్ణి దోషిగా నిలబెట్టి ప్రయోజనము లేదు. కాని ఒక లెక్క చూపవచ్చును. 1990లలో టెరి సంస్థవారు స్విట్జర్లండు సహాయంతో రీలింగు కోసము గ్యాసిఫయరు పొయ్యి తయారు చేసినారు. కట్టె ఖర్చు తగ్గినది, పొగ తగ్గినది, నీటి వేడి ఒకే తీరుగా నిలిచి నూలు బాగా వచ్చినది. బెంగుళూరులో కేంద్ర పట్టు బోర్డువారి సాంకేతిక పరిశోధనా సంస్థ 1983 నుండి ఉన్నది. గూళ్ళు వేరే పాత్రలో ఉడికించి, గోరువెచ్చని నీటిలో దారం తీసే యంత్రాలను అక్కడివారు ప్రచారము చేసినారు. పుండుపడిన వేలు పోగును తెంపుతుంది, తెగిన పోగు నూలు తరగతిని తగ్గిస్తుంది. మేలిరకపు నూలు కావలెనన్నవాడికి మేలైన చేతులు కావాలె.

క్రిందటి సంక్రాంతికి శిడ్లఘట్ట పోయినప్పుడు, మా పాత వీథిలోనే ఒకాయన అటువంటి యంత్రము పెట్టినాడంటే చూడబోయినాము. మా అత్తనూ తీసుకుపోయినాను. గోడకు పొగగొట్టం ఉన్నది. కిటికీలు తెరిచి ఉన్నవి. ఎనిమిది మంది పని చేయుచున్నారు. పదికి లోపే, అంటే అవన్నీ చట్టము అడిగి పెట్టించినవి కావు. ఎందుకు పెట్టినారని అడిగితే, "మా అమ్మ దగ్గుతోనే పోయింది సార్" అన్నాడు, అంతే. మా అత్త మాట్లాడకుండా యంత్రము దగ్గరికి పోయి, కొంగు దోపుకొని, అలవాటు చొప్పున తొట్టిలో వేళ్ళు ముంచింది. వెంటనే తీయలేదు.

"వెచ్చగానే ఉందే రా" అన్నది నా వైపు తిరిగి. "ఇంతే చాలునా దీనికి?"